బ్యాటరీ పంజరం గారికి అభినందన పత్రం

గుడ్లు పెట్టే కోళ్లను కిక్కిరిసి ఉంచే వరుస తీగ బోనుగా లేయర్ ఫారాలకు మూలస్తంభమైన బ్యాటరీ పంజరం గారికి,

నమస్కారములు. మీరు క్షేమంగానే ఉన్నారని తెలుసు గనుక కుశలప్రశ్నలతో కాలయాపన చేయను. గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలో మొదటి స్థానమని చెప్పుకొన్నప్పుడల్లా ఆ ఘనతను రైతుకో, దాణాకో, సర్కారుకో కట్టబెడతారే తప్ప మీ పేరెత్తే నాథుడు లేడు. ఆ లోటు తీర్చడానికే ఈ లేఖ.

ముందుగా మీ నిర్మాణ చాతుర్యాన్ని మెచ్చుకోవాలి. మీ తీగల నేల కాస్త ముందుకు వాలి ఉంటుంది గనుక, పెట్టిన గుడ్డు పెట్టినట్టే దొర్లుకుంటూ కమ్మీల అవతలికి చేరిపోతుంది. పెట్టిన కోడి వెనక్కి తిరిగి చూసుకునేసరికి అక్కడ ఏమీ ఉండదు. గుడ్డు పెట్టే ముందు చాటు వెతుక్కోవడం కోడి పుట్టుగుణం. పల్లెలో అయితే గడ్డివాము సందులోనో, గాదె కిందో దూరుతుంది. మీ దగ్గర తోటి కోళ్లను తొక్కుకుంటూ అటూ ఇటూ మసలి, చివరికి నిలబడిన చోటే కానిచ్చేస్తుంది. మేత కోసం కమ్మీల్లోంచి మెడ చాచి చాచి గొంతు దగ్గర ఈకలు అరిగిపోయి, ఎర్రటి చర్మం కనిపిస్తుంటుంది. ఇరుకులో ఒకదాన్నొకటి పొడుచుకుంటాయని పిల్లగా ఉన్నప్పుడే కాలిన బ్లేడుతో ముక్కు కొన కత్తిరిస్తారు; తప్పు ఇరుకుది కాదు, ముక్కుది అని తేల్చిన న్యాయం మీ కొలువులోనే చెల్లుతుంది. నా కోడి కూయకపోతే తెల్లారదా అన్న సామెతను కూడా మీరు పాతబడేలా చేశారు. మీ షెడ్డులో పగటి వెలుతురుకు దీపాలు తోడై రోజుకు 16 గంటలు వెలుగే. కూయవలసిన పుంజులంటారా, గుడ్లు పెట్టవు, మాంసానికీ గిట్టవు గనుక పుట్టిన రోజే హేచరీలో వాటి కథ ముగిసిపోతుంది.

ఇక చట్టంతో మీ చుట్టరికం. కదలడానికి తగినంత ఎత్తు, పొడవు, వెడల్పు లేని బోనులో జంతువును ఉంచడం నేరమని 1960 నాటి జంతు హింస నివారణ చట్టం, 11వ సెక్షన్ చెబుతోంది. జంతు సంక్షేమ మండలి ఆ సెక్షన్‌నే చూపించి, 2017 నాటికి మిమ్మల్ని సాగనంపాలని రాష్ట్రాలకు సలహా ఇచ్చింది. ఆ ఏడు రానే వచ్చింది. మీరు కదలలేదు గానీ, మీ గురించి లా కమిషన్ వారి 269వ నివేదిక వెలువడింది. మీ బోటి, గూడూ కొమ్మా ఏమీ లేని బోడి పంజరాలను ఐరోపా సమాఖ్య 2012 జనవరి 1 నుంచే నిషేధించగా, మన కేంద్ర ప్రభుత్వం వారు తొందరపడకుండా ఆలోచించి, గుడ్ల కోళ్ల కోసం చేసిన 2023 నియమాల్లో ఒక్కో కోడికి 550 చదరపు సెంటీమీటర్ల చోటు కేటాయించి, మిమ్మల్ని నేరాల పద్దులోంచి కొలతల పద్దులోకి మార్చారు. ఏ4 కాగితం వైశాల్యం సుమారు 624 చదరపు సెంటీమీటర్లు. అంటే కోడికి చోటు కావాలని కార్యకర్త పెట్టుకున్న అర్జీ పరుచుకున్నంత మేర కూడా ఆ కోడికి దక్కలేదన్నమాట.

కార్యకర్తల మీద మీరు కినుక వహించకండి. కోర్టుల చుట్టూ తిరిగి ఆ మాత్రం కొలతలైనా కాగితం మీదికి తెప్పించింది వాళ్లే. అయితే జనం చూపు, కెమెరాల చూపు సంక్రాంతికి గోదావరి జిల్లాల బరుల మీదే ఉంటుంది. జీడిపప్పు, బాదంపప్పు తిని, ఈత కొట్టి, డేగ అనో నెమలి అనో పిలిపించుకునే పుంజు కోసం హైకోర్టు ఉత్తర్వులు, పోలీసు పికెట్లు, చర్చా కార్యక్రమాలు. దాని కాలికి కత్తి కట్టడం క్రూరమే, కాదనను. కానీ మూడు రోజుల పండక్కి ఇంత హడావిడి చేసేవాళ్లం, ఏడాది పొడుగునా రెక్క విప్పుకోలేని పెట్టల ఊసెత్తం. వాటికి పేరూ లేదు, వాటి మీద పందెం కాసేవాడూ లేడు. మీ అదృష్టం మీకు అలా కలిసొచ్చింది.

చివరగా చిన్న లావాదేవీ. పైన చెప్పిన సెక్షన్ ప్రకారం మొదటి నేరానికి జరిమానా 10 రూపాయలకు తగ్గకూడదు, 50 రూపాయలకు మించకూడదు. అట్ట గుడ్ల ధరలో అది సగం కూడా కాదు. మీ అట్టలు మా ఇంటికి తప్పకుండా వస్తున్నాయి గనుక మీ నేరంలో నా వాటా కింద గరిష్ఠ మొత్తాన్నే, కొత్త యాభై నోటు రూపంలో, ఈ లేఖకు జతచేస్తున్నాను. రశీదు ఇప్పించగలరు.

ఇట్లు,
మీ పాత ఖాతాదారు