మొరాకో గెలుపు ఆఫ్రికా గెలుపే

2022 డిసెంబర్‌లో ఖతార్‌లో మొరాకో ఫుట్‌బాల్ ప్రపంచ కప్ సెమీఫైనల్‌కు చేరింది. ఒక ఆఫ్రికా జట్టు అంత దూరం వెళ్లడం అదే మొదటిసారి. అప్పటి నుంచి ఒక వాదన తిరుగుతూనే ఉంది. ఏ పెద్ద టోర్నమెంట్ వచ్చినా ఎవరో ఒకరు దాన్ని బయటికి తీస్తారు, తెలుగులోనూ చాలామంది షేర్ చేస్తారు. అది చెప్పేది ఇదీ: ఆఫ్రికా అంతా మొరాకో వెనక నిలబడిందన్నది మీడియా అల్లిన కథ. మొరాకో అరబ్ దేశం, ఆఫ్రికాతో దాని సంబంధం మ్యాప్ వరకే. ఆటగాళ్లలో సగానికి పైగా వేరే దేశాల్లో పుట్టినవాళ్లు కాబట్టి ఆ ఘనత యూరప్‌ది. ఆడింది డిఫెన్స్ ఆట, దానికి అదృష్టం తోడైంది. ఆఫ్రికా దేశాలకు ఒకదానితో ఒకదానికి పడనే పడదు. అయినా ఖండం పేరు చెప్పుకుని గర్వపడితే ఎవరికి ఏం ఒరిగింది?

ఇందులో కొన్ని వాక్యాల్లో నిజం ఉంది. కానీ ఆ నిజాల నుంచి లాగిన ముగింపు తప్పు. వాదన రాసినవాళ్లు 2022 దగ్గర మొదలుపెట్టడమే అసలు పొరపాటు. ఈ కథ అంతకు చాలా ముందు, 1957లో ఖార్టూమ్‌లో మొదలైంది.

మొరాకో అరబ్ దేశం, ఆఫ్రికాది కాదు

ఆఫ్రికా ఫుట్‌బాల్ సమాఖ్య, అంటే కాఫ్, 1957 ఫిబ్రవరిలో సూడాన్ రాజధాని ఖార్టూమ్‌లో పుట్టింది. దాన్ని స్థాపించినవి నాలుగు దేశాలు: ఈజిప్ట్, సూడాన్, ఇథియోపియా, దక్షిణాఫ్రికా. వీటిలో ఈజిప్ట్, సూడాన్ రెండూ అరబ్ లీగ్ సభ్యులు. సమాఖ్య ప్రధాన కార్యాలయం ఈనాటికీ కైరో దగ్గరే ఉంది. అరబ్ అయితే ఆఫ్రికా కాదనే లెక్క పెడితే, ఆఫ్రికా ఫుట్‌బాల్‌ను పుట్టించిన వాళ్లలో సగం మందిని ఆఫ్రికా నుంచి తీసేయాలి.

అదే ఏడాది జరిగిన మొదటి ఆఫ్రికా కప్‌లో ఆ నాలుగు దేశాలూ ఆడాలి. దక్షిణాఫ్రికా మాత్రం ఒకే రంగు వాళ్లతో కూడిన జట్టునే పంపుతామని పట్టుబట్టింది. మిగతా వాళ్లు ఒప్పుకోలేదు. టోర్నమెంట్ మూడు జట్లతోనే జరిగింది. వర్ణవివక్ష మీద ప్రపంచ క్రీడా సంస్థలు ఇంకా నీళ్లు నమలుతున్న రోజుల్లో, నాలుగంటే నాలుగు సభ్య దేశాలున్న ఒక కొత్త సంస్థ అందులో ఒకదాన్ని వదులుకుంది. దక్షిణాఫ్రికా మళ్లీ ఆఫ్రికా ఫుట్‌బాల్‌లోకి వచ్చింది 1992లో. ఐక్యత అనేది ఖతార్ స్టేడియంలో జెండాలు ఊపినప్పుడు పుట్టిన ఎమోషన్ అనుకునేవాళ్లు ముందు ఈ సంగతి తెలుసుకోవాలి.

తర్వాత వచ్చింది 1966. ఈ వాదన మొత్తంలో కనిపించని సంవత్సరం ఇదే, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనదీ ఇదే. ఇంగ్లండ్‌లో జరగబోయే ఆ ప్రపంచ కప్‌లో 16 జట్లు ఆడాలి. ఆఫ్రికా, ఆసియా, ఓషియానియా, ఈ మూడింటికీ కలిపి ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా ఇచ్చింది ఒకే ఒక్క సీటు. ఆఫ్రికాలో గెలిచిన జట్టు కూడా ఆసియా వైపు గెలిచిన వాళ్లతో మళ్లీ ప్లేఆఫ్ ఆడాల్సిందే. అప్పటికే ఖండంలో డజన్ల కొద్దీ దేశాలు స్వతంత్రం తెచ్చుకున్నాయి. దీనికి తోడు, సస్పెండ్ చేసిన దక్షిణాఫ్రికాను ఫిఫా 1963లో తిరిగి చేర్చుకుంది. ఘానా క్రీడల అధిపతి ఒహెనే జాన్, ఇథియోపియాకు చెందిన టెస్సెమా యిడ్నెకాచెవ్ ముందుండి పోరాడారు. ఘానా అధ్యక్షుడు క్వామే ఎన్‌క్రుమా వాళ్లకు అండగా నిలిచాడు. చివరికి క్వాలిఫయర్లలో ఉన్న ఆఫ్రికా జట్లన్నీ తప్పుకున్నాయి.

ఘానా అప్పుడు 1963, 1965 ఆఫ్రికా కప్‌లు వరసగా గెలిచిన జట్టు. ఆ తరం ఆటగాళ్లకు ప్రపంచ కప్ ఆడే వయసు, సత్తా రెండూ ఉన్నాయి. వాళ్లకు ఆ అవకాశం మళ్లీ రాలేదు. ఆ నష్టం మామూలుది కాదు. ఫిఫా పైగా జరిమానా కూడా వేసింది. కానీ 1970 ప్రపంచ కప్‌కు ఆఫ్రికాకు సొంతంగా ఒక సీటు వచ్చింది.

ఆ సీటులో మొదట వెళ్లింది ఎవరు? మొరాకో. 1966 బహిష్కరణలో మొరాకో కూడా ఉంది, దాని ఫలితం మొట్టమొదట అందుకున్నదీ మొరాకోనే. మెక్సికోలో పశ్చిమ జర్మనీ మీద మొదటి గోల్ కొట్టి విరామం దాకా ఆధిక్యంలో నిలిచింది, చివరికి 1-2తో ఓడింది. బల్గేరియాతో 1-1 డ్రా చేసుకుని, ప్రపంచ కప్‌లో పాయింట్ సాధించిన తొలి ఆఫ్రికా జట్టయింది. ఘానా, ఇథియోపియా వాళ్లు కొట్లాడి తెచ్చిన తలుపు గుండా లోపలికి వెళ్లిన దేశానికి ఆఫ్రికాతో సంబంధం మ్యాప్ వరకే అంటే ఎలా ఒప్పుకుంటాం?

2022లో ఆటగాళ్ల మాటల గురించి కూడా చెప్పాలి. స్పెయిన్‌పై గెలిచాక సోఫియాన్ బూఫాల్ ఆ విజయాన్ని మొరాకో వాళ్లకూ, అరబ్బులకూ, ముస్లింలకూ అంకితమిచ్చాడు. ఆఫ్రికా పేరెత్తలేదు. విమర్శలు వచ్చాయి. ఈ వాదన చేసేవాళ్లు ఇంతవరకే చెప్పి ఆపేస్తారు. తర్వాత బూఫాల్ క్షమాపణ చెప్పాడు, ఈ గెలుపు ఆఫ్రికా సోదరులది కూడా అని రాశాడు. కోచ్ వాలిద్ రెగ్రాగీ అయితే, తాను రాజకీయ నాయకుణ్ని కాననీ, సెనెగల్, ఘానా, కామెరూన్ లాగే ఆఫ్రికా జెండాను పైకెత్తడానికే వచ్చామనీ చెప్పాడు. అరబ్బులు సంబరపడ్డారు, నిజమే. పడనివ్వండి. ఒక మనిషికి రెండు ఇళ్లుంటే ఒకటి అబద్ధమైపోదు.

ఆటగాళ్లు యూరప్‌లో పుట్టినవాళ్లు

26 మందిలో 14 మంది మొరాకో బయట పుట్టారు. అంకె సరైనదే. అష్రఫ్ హకీమీ మాడ్రిడ్‌లో పుట్టాడు. హకీమ్ జియెష్, సోఫ్యాన్ అమ్రాబత్ నెదర్లాండ్స్‌లో పుట్టారు. అయితే ఆ 14లో గోల్‌కీపర్ యాసిన్ బూనూ కూడా ఉన్నాడు. అతను పుట్టింది కెనడాలోని మాంట్రియల్‌లో, పెరిగింది కాసాబ్లాంకాలో, ఆట నేర్చింది అక్కడి విదాద్ క్లబ్‌లో. అతన్ని యూరప్ తయారీ అనడం ఎలా కుదురుతుంది?

పోర్చుగల్‌పై క్వార్టర్‌ఫైనల్‌ను గెలిపించిన గోల్‌నే చూడండి. 42వ నిమిషంలో ఎడమ వైపు నుంచి బంతి వేసింది యాహియా అతియత్ అల్లా. అతను అప్పుడు మొరాకో లీగ్‌లో విదాద్‌కు ఆడుతున్నాడు. గాల్లోకి ఎగిరి తలతో కొట్టింది యూసెఫ్ ఎన్-నెసిరి. ఫెస్ నగరంలో పుట్టి, రబాత్ పక్కన సాలేలో ఉన్న మహమ్మద్ 6 అకాడమీలో తయారైన కుర్రాడు. మిడ్‌ఫీల్డ్‌లో అందరూ మెచ్చుకున్న అజెదిన్ ఉనాహి, డిఫెండర్ నయెఫ్ అగెర్డ్ కూడా అదే అకాడమీ వాళ్లు. ప్రపంచ కప్ సెమీఫైనల్ బెర్త్ ఖాయం చేసిన ఆ గోల్ మొదటి నుంచి చివరిదాకా మొరాకో నేల మీద నేర్చిన ఆటే.

పుట్టిన చోటును బట్టే ఘనత పంచాలంటే, ఆ లెక్క రెండు వైపులా వేయాలి. 1966లో ఆఫ్రికా జట్టు ఒక్కటీ లేని ఆ ప్రపంచ కప్‌లో అత్యధికంగా 9 గోల్స్ కొట్టింది యుసేబియో. పోర్చుగల్ జెర్సీ వేసుకున్నాడు గానీ పుట్టింది మొజాంబిక్‌లో, నేటి మపుటో నగరంలో. అంతకు ముందు 1958లో ఫ్రాన్స్ తరఫున 13 గోల్స్‌తో ఈనాటికీ చెదరని రికార్డు పెట్టిన జస్ట్ ఫాంటైన్ పుట్టింది మొరాకోలోని మరాకేష్‌లో. వలస పాలన నడిచినన్నాళ్లూ ఆఫ్రికాలో పుట్టిన ఆటగాళ్ల గోల్స్ యూరప్ ఖాతాలో పడ్డాయి. అప్పుడు ఎవరూ పుట్టిన ఊరు అడగలేదు. హకీమీ తల్లిదండ్రుల దేశాన్ని ఎంచుకున్నాక మాత్రం బర్త్ సర్టిఫికెట్ తీస్తున్నారు.

ఇలా ఎంచుకోవడం కొత్త విషయం కూడా కాదు. 1958 ఏప్రిల్‌లో, ప్రపంచ కప్‌కు కొద్ది వారాల ముందు, ఫ్రాన్స్ జట్టులో చోటు దక్కబోతున్న రషీద్ మెఖ్లూఫీ, ముస్తఫా జితూనీ రహస్యంగా ఫ్రాన్స్ విడిచి ట్యునీషియా రాజధాని ట్యునిస్ చేరారు. అల్జీరియా స్వాతంత్ర్యం కోసం పోరాడుతున్న ఎఫ్‌ఎల్‌ఎన్ తరఫున ఏర్పడిన జట్టులో చేరడానికి వాళ్లు ప్రపంచ కప్పే వదులుకున్నారు. జూనియర్ స్థాయిలో ఒక దేశానికి ఆడినవాడు తర్వాత తన పూర్వీకుల దేశానికి మారడానికి ఉన్న వయసు పరిమితిని 2009లో ఫిఫా తీసేసింది. ఆ ప్రతిపాదన పెట్టింది అల్జీరియా ఫెడరేషనే. అంటే వలస వెళ్లిన కుటుంబాల పిల్లలు తిరిగి వచ్చే దారిని కూడా ఆఫ్రికా వాళ్లే అడిగి తెరిపించుకున్నారు.

యూరప్ కోచింగ్ మాటకొస్తే, 2022లో అయిదు ఆఫ్రికా జట్లకూ తమ దేశీయులే కోచ్‌లు. ప్రపంచ కప్‌లో అలా జరగడం అదే మొదటిసారి. ఆ అయిదు జట్లూ కనీసం ఒక్కో మ్యాచ్ గెలిచాయి. ట్యునీషియా ఫ్రాన్స్‌ను, కామెరూన్ బ్రెజిల్‌ను ఓడించాయి.

అదృష్టం

దీనికి పెద్ద సమాధానం అక్కర్లేదు. మొరాకో సెమీఫైనల్ దాకా అయిదు మ్యాచ్‌లు ఆడింది. క్రొయేషియా, బెల్జియం, కెనడా, స్పెయిన్, పోర్చుగల్. ఈ అయిదింట్లో మొరాకో మీద పడింది ఒకే గోల్, అదీ కెనడాతో మ్యాచ్‌లో సొంత ఆటగాడి కాలికి తగిలి వెళ్లింది. స్పెయిన్ 120 నిమిషాల్లో వెయ్యికి పైగా పాసులు వేసింది, గోల్ చేయలేకపోయింది. షూటౌట్‌లో స్పెయిన్ ఒక్క పెనాల్టీ కూడా లోపలికి కొట్టలేదు. ఒక మ్యాచ్‌ను అదృష్టం గెలిపించవచ్చు. పోర్చుగల్ మ్యాచ్‌కు డిఫెండర్లు అగెర్డ్, మజ్రావీ ఇద్దరూ గాయాలతో బయటే ఉన్నా జట్టు ఆకారం చెదరలేదంటే అది ప్రాక్టీస్. ఇటలీ ఇలా ఆడితే కళ అన్నాం. మొరాకో ఆడితే గుంపుగా నిలబడ్డారు అనడం అన్యాయం.

వాళ్లలో వాళ్లకే పడదు

ఈ పాయింట్‌ను తేలిగ్గా కొట్టిపారేయను. అల్జీరియా 2021 ఆగస్టులో మొరాకోతో దౌత్య సంబంధాలు తెంచుకుంది. పశ్చిమ సహారా ప్రాంతం ఎవరిదన్న గొడవతో మొరాకో 1984లో ఆఫ్రికా ఐక్యతా సంస్థను వదిలేసింది, దాని స్థానంలో ఏర్పడిన ఆఫ్రికా యూనియన్‌లోకి వచ్చింది 2017లో. 2009లో ఈజిప్ట్, అల్జీరియా క్వాలిఫయర్ సందర్భంగా కైరోలో అల్జీరియా బస్సు మీద రాళ్లు పడ్డాయి, ఆ గొడవ రాయబారుల దాకా వెళ్లింది. వీటన్నిటికన్నా బాధ పెట్టేది ఇంకొకటుంది. 2022 జూన్‌లో, అంటే ఖతార్‌కు అయిదు నెలల ముందు, మొరాకో నుంచి స్పెయిన్ అధీనంలోని మెలియా నగరంలోకి దాటబోయిన ఆఫ్రికా వలసదారుల్లో కనీసం 23 మంది సరిహద్దు కంచె దగ్గర చనిపోయారు. ఆఫ్రికా జెండా ఎత్తుకున్న దేశం దీనికి జవాబు చెప్పాల్సిందే. ఆ సంబరంలో ఈ చావులను మర్చిపోవడం నాకు సబబుగా అనిపించదు.

కానీ దీన్నిబట్టి ఐక్యతే లేదనడం కుదరదు. ప్రభుత్వాలు చేసిన దానికి, జనం ఎవరి వైపు నిలబడ్డారన్న దానికి తేడా ఉంది. 2010 జులై 2న జోహన్నెస్‌బర్గ్ సాకర్ సిటీలో ఘానా, ఉరుగ్వే క్వార్టర్‌ఫైనల్ ఆడాయి. ఆతిథ్య జట్టు దక్షిణాఫ్రికా అప్పటికే గ్రూప్ దశలో ఇంటికెళ్లింది. ఆ స్టేడియం మాత్రం ఘానా సొంత గడ్డలా మోగింది. జనం తమ జట్టు ముద్దుపేరు బఫానా బఫానాను బఘానా బఘానాగా మార్చుకున్నారు. అదనపు సమయం ఆఖరి క్షణాల్లో గోల్‌లోకి వెళ్తున్న బంతిని ఉరుగ్వే ఆటగాడు సువారెజ్ చేత్తో ఆపాడు. అసమోవా గ్యాన్ కొట్టిన పెనాల్టీ బార్‌కు తగిలింది. షూటౌట్‌లో ఘానా ఓడిపోయింది. ఆ రాత్రి ఏడ్చింది ఘానా వాళ్లొక్కరే కాదు. ఆ కన్నీళ్లను ఏ సంస్థా ఆర్డర్ వేసి తెప్పించలేదు.

2026 ప్రపంచ కప్ ఆతిథ్యం కోసం 2018లో జరిగిన ఓటింగ్‌ను కూడా కొందరు ఎత్తి చూపుతారు. దక్షిణాఫ్రికాతో సహా కొన్ని ఆఫ్రికా దేశాలు మొరాకోకు ఓటెయ్యలేదు, నిజమే. సౌదీ అరేబియా కూడా వెయ్యలేదు. మరి అరబ్ ఐక్యత కూడా అబద్ధమేనా? ఆఫ్రికాలో ఎక్కువ దేశాలు మాత్రం మొరాకోకే వేశాయి.

ఎవరికి ఏం ఒరిగింది

1970లో 1 సీటు. 1978లో ట్యునీషియా మెక్సికోను 3-1తో ఓడించి ప్రపంచ కప్‌లో ఆఫ్రికా తొలి గెలుపు సాధించింది. 1982 నుంచి 2 సీట్లు. 1990లో కామెరూన్ ప్రారంభ మ్యాచ్‌లో అర్జెంటీనాను ఓడించింది, 38 ఏళ్ల రోజర్ మిల్లా 4 గోల్స్‌తో జట్టు క్వార్టర్‌ఫైనల్‌కు వెళ్లింది. 1994లో సీట్లు 3 అయ్యాయి. ఆ సీట్లలో ఒకదానితో ఆడింది నైజీరియా, కామెరూన్ తెచ్చిపెట్టిన గౌరవం పక్క దేశానికి దారయింది. 1998లో 5. 2026కు నేరుగా 9. ఆ 9లో ఒకటి సుమారు 5 లక్షల జనాభా ఉన్న కేప్ వెర్డెకు తొలిసారి దక్కింది. అదీ కామెరూన్ ఉన్న గ్రూప్‌లో పైన నిలిచి.

లాభం ఆఫ్రికా దగ్గరే ఆగలేదు. 1982లో అల్జీరియా పశ్చిమ జర్మనీని 2-1తో ఓడించింది. అల్జీరియా తన గ్రూప్ మ్యాచ్‌లన్నీ ముగించుకుని కూర్చున్నాక, మర్నాడు పశ్చిమ జర్మనీ, ఆస్ట్రియా ఇద్దరికీ సరిపోయే 1-0 స్కోరు దగ్గర ఆట ఆపేసినంత పని చేసి దాన్ని బయటికి పంపాయి. అల్జీరియా ఫిర్యాదు ఆ రోజు నెగ్గలేదు. కానీ 1986 నుంచి గ్రూప్‌లో ఆఖరి మ్యాచ్‌లు రెండూ ఒకే సమయానికి మొదలవుతున్నాయి. ఈ రోజు ఏ దేశం వాళ్లు చూసినా ఆ నియమం కిందే చూస్తున్నారు.

ఇక మన ఖండం సంగతి. హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణలో భారత్ 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. ఆ రోజుల్లో ఆసియాకు కూడా ప్రపంచ కప్‌లో గ్యారంటీగా ఒక్క సీటు లేదు. 1966లో ఆఫ్రికా జట్లు తప్పుకోవడంతో ఆఫ్రికాతో ప్లేఆఫ్ ఆడకుండానే ఆ ఒక్క సీటు ఉత్తర కొరియాకు దక్కింది, ఆ జట్టు ఇటలీని ఇంటికి పంపింది. 1970కి వచ్చేసరికి ఆఫ్రికాకు ఒక సీటు, ఆసియా, ఓషియానియాలకు కలిపి ఇంకొకటి విడివిడిగా కేటాయించారు. ఖండం పేరుతో ఘానా, మొరాకో, ఇథియోపియా కలిసి పట్టిన పట్టులో మన వాటా కూడా ఉంది. ఈసారి ఆ వాదన షేర్ చేసేవాళ్లు ఇది కూడా కలిపి పంపాలని అడుగుతున్నాను.