అరోజ్ కాల్దోకి అన్నం కాదు, బియ్యమే కావాలి

అరోజ్ కాల్దో అంటే ఫిలిప్పీన్స్ కోడి గంజి. దానికి మిగిలిన అన్నంలో నీళ్లు, చికెన్ క్యూబు వేసి ఉడికిస్తే చాలని ఒక పోస్టులో రాశారు. ఆకలి తీరుతుందేమో గానీ అరోజ్ కాల్దో రుచి రాదు. అక్కడ పద్ధతే వేరు. ముందు నూనెలో అల్లం, ఉల్లి, వెల్లుల్లి వేయించి, ఎముకతో ఉన్న కోడి ముక్కలు వేస్తారు. కాస్త పాతిస్ (చేపల సాస్) పోసి మగ్గనిచ్చాక పచ్చి బియ్యం వేసి కలుపుతారు. ఆ కొవ్వూ అల్లం ఘాటూ గింజకి పట్టాకే నీళ్లు. కప్పు బియ్యానికి 7, 8 కప్పులు పోసి, సన్నని మంట మీద ముప్పావు గంట, అడుగంటకుండా కలుపుతూ ఉండాలి. కుక్కర్‌లో పెడితే పని అవుతుంది, కానీ ఆ చిక్కదనం రాదండీ.

అక్కడ మామూలు బియ్యంలో జిగురు బియ్యం కొంత కలుపుతారు. దొరక్కపోతే మన కొత్త బియ్యం వాడండి, ఎలాగూ ముద్దవుతాయి. పసుపు రంగు కసుభాది, అంటే కుసుమ పూల రేకులు. బదులుగా పసుపు వేస్తే రంగొస్తుంది గానీ వాసన మన కూర వైపు వెళ్లిపోతుంది. నేనైతే రంగు లేకుండానే వదిలేస్తాను. పాతిస్‌లోనే బోలెడు ఉప్పు ఉంటుంది కాబట్టి ఉప్పు చివర్లో చూసుకోండి.

అల్లం మాత్రం అంగుళం ముక్కతో సరిపెట్టకండి, రెండు మూడింతలు పడుతుంది. పైన కరకరలాడే వెల్లుల్లి, ఉల్లికాడలు, ఉడికిన గుడ్డు. కలమాన్సీ (అక్కడి చిన్న నిమ్మ) లేకపోతే నిమ్మకాయ పిండుకోవచ్చు.