ఫీజు సొమ్ము ఫండ్‌లో వేస్తే పిల్లవాడు కూర్చుని తినగలడా?

ఏటా జూన్‌లో బడులు తెరిచే వేళకు వాట్సాప్‌లో ఒక సందేశం చక్కర్లు కొడుతుంది. మాటలు అటూ ఇటూ మారినా సారాంశం మారదు. ఎల్‌కేజీ నుంచి ఇంజినీరింగ్ దాకా పిల్లవాడి చదువుకు సగటున నెలకు 10 వేలు పోస్తున్నామట. అదే సొమ్మును నాలుగో ఏట మొదలుపెట్టి 22 నిండేదాకా షేర్లలో పెట్టే మ్యూచువల్ ఫండ్‌లో సిప్‌గా, అంటే నెలనెలా ఇంత అని కడితే, 12 శాతం చొప్పున 76 లక్షలు దాటుతుందట. దాని మీద నెలకు 50 వేలు వడ్డీ వస్తుంది కాబట్టి పిల్లవాడు ఉద్యోగం కోసం ఎవరి గుమ్మమూ ఎక్కనక్కర లేదట. పట్టభద్రులైన యువతలో నూటికి 29 మంది ఖాళీగా ఉంటే, చదవడం రాయడం రానివాళ్లలో ముగ్గురే ఖాళీగా ఉన్నారట. బడిలో త్రికోణమితి నేర్పుతారు గానీ డబ్బు సంగతి నేర్పరట. కాబట్టి చదువు దండగ, పెట్టుబడే మేలు. చివర్లో ‘ఒక్కసారి ఆలోచించండి’ అని కూడా ఉంటుంది కనుక, ఆ పనే చేద్దాం.

ముందుగా ఒకటి ఒప్పుకోవాలి: ఇందులోని గుణకారం తప్పు కాదు. నెలకు 10 వేల చొప్పున 216 నెలలు కడితే అసలు 21 లక్షల 60 వేలవుతుంది. నెలకు ఒక శాతం చొప్పున పెరిగితే అది 76 లక్షల 50 వేల దగ్గరికి చేరుతుంది. తిరకాసంతా ఆ లెక్కలోకి ఏ అంకెలు ఎక్కించారు, ఏవి వదిలేశారు అన్నదాంట్లోనే ఉంది.

ఏడాదికి 12 శాతమంటే మన ఊళ్లలో రూపాయి వడ్డీ. నోటు రాయించుకుని రూపాయి వడ్డీకిచ్చిన అప్పు మీద నెలనెలా ఇంత వస్తుందని ముందే తెలుస్తుంది కాబట్టి, ఫండ్ కూడా అలాగే తెచ్చిపెడుతుందని చదివినవారికి తోస్తుంది. ఫండ్ అలాంటి హామీ ఏదీ ఇవ్వదు. దీర్ఘకాలంలో ఆ స్థాయి రాబడి ఇచ్చిన ఫండ్లు లేకపోలేదు గానీ, అది ఏటేటా సమానంగా వచ్చింది కాదు. 2008 జనవరిలో 21 వేలను తాకిన షేర్ల సూచీ సెన్సెక్స్ 2009 మార్చికల్లా 8 వేల చిల్లరకు పడిపోయి, మధ్యలో ఒకసారి పాత స్థాయిని అందుకున్నా, 2013 చివరి దాకా దాని పైన నిలదొక్కుకోలేకపోయింది. 2020 జనవరిలో 42 వేల దగ్గరున్నది మార్చి 23 నాటికి 26 వేలకు దిగువన ముగిసింది. ఆ ఏడాది నవంబరుకల్లా కోలుకున్న మాట నిజమే, కానీ సరిగ్గా ఆ మార్చిలో 22 నిండి డబ్బు చేతికి తీసుకోవలసి వచ్చిన పిల్లవాడికి నవంబరుతో ఏం పని? రాబడి 12కు బదులు 8 శాతమే వచ్చిందనుకుంటే 76 లక్షలు 48 లక్షలవుతాయి. సందేశంలో ఈ రెండో అంకె ఎక్కడా కనిపించదు.

ఇంతకంటే పెద్ద లోపం ‘సగటున’ అన్న మాటలో దాగి ఉంది. ఎల్‌కేజీలోనూ బీటెక్‌లోనూ నెలకు అదే 10 వేలు కట్టే ఇల్లు ఎక్కడా ఉండదు. బడి రోజుల్లో ఖర్చు తక్కువగా మొదలై, పదో తరగతి దాటాక ఇంటర్ కోచింగ్, హాస్టల్, ఇంజినీరింగ్ ఫీజుల దగ్గర ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఉదాహరణకు నాలుగో ఏట నుంచి 16వ ఏడు దాకా నెలకు 5 వేలు, అక్కడి నుంచి 22 దాకా నెలకు 20 వేలు అనుకుందాం. మొత్తం ఖర్చు అదే 21 లక్షల 60 వేలు, రాబడి కూడా అదే 12 శాతం. కానీ చివర్లో చేతికొచ్చేది 76 లక్షలు కాదు, 54 లక్షలు. చక్రవడ్డీ పనిచేయడానికి కాలం కావాలి. మన ఇళ్లలో చదువు ఖర్చులో పెద్ద భాగం ఆ కాలం అయిపోయాక గానీ పుట్టదు. పిల్లవాడికి నాలుగేళ్లున్నప్పుడు ఆ తండ్రి జీతంలో నెలకు 10 వేల మిగులు ఉందో లేదో సందేశం రాసినవారికి పట్టలేదు. 18 ఏళ్లలో ఒక్క నెలైనా వాయిదా తప్పదని, సంపాదించే మనిషికి జబ్బు చేయదని, ఉద్యోగం పోదని కూడా వారు తీర్మానించేసుకున్నారు.

ఇక నెలకు 50 వేల వడ్డీ. అది 18 ఏళ్ల తర్వాతి 50 వేలు. రిజర్వు బ్యాంకు ధరల పెరుగుదలకు పెట్టుకున్న లక్ష్యం 4 శాతం, దాని పై హద్దు 6 శాతం. ఆ పై హద్దునే తీసుకుంటే 18 ఏళ్లలో ధరలు రెండింతలు దాటి మూడింతలకు దగ్గరవుతాయి. అప్పటి 50 వేలతో వచ్చే సరుకు ఈనాటి 17,500 రూపాయల సరుకుతో సమానం. పోనీ 4 శాతమే అనుకున్నా అది 25 వేలకు మించదు. వచ్చిన వడ్డీనంతా నెలనెలా వాడేసుకుంటే అసలు ఉన్నచోటే ఉంటుంది గానీ ధరలు ఉండవు. అదే 6 శాతం లెక్కన మరో పన్నెండేళ్లకు, అంటే పెళ్లయి పిల్లలు పుట్టి ఖర్చు ముంచుకొచ్చే 34వ ఏటికి, ఆ 50 వేల కొనుగోలు శక్తి ఈనాటి 8,700 రూపాయలకు దిగుతుంది. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని పెద్దలు ఊరికే అనలేదు.

చదువు ఇచ్చే ఆదాయం తీరు వేరు. కూలి గానీ జీతం గానీ ధరలతో పాటు ఎంతో కొంత పెరుగుతూ వస్తుంది. అనుభవంతో ఇంకొంత పెరుగుతుంది. ఎన్నో దేశాల అధ్యయనాలను ఒకచోట చేర్చి సాకారోపులోస్, పాట్రినోస్ అనే ఆర్థికవేత్తలు 2018లో తేల్చిన సగటు ప్రకారం, బడిలో అదనంగా గడిపిన ఒక్కో ఏడాదికి సంపాదన సుమారు 9 శాతం పెరుగుతుంది. అది సగటే, ఏ చదువైనా, ఎక్కడ చదివినా అంతే వస్తుందని కాదు. అయినా 9 శాతాన్ని పన్నెండేళ్ల చదువుకు వర్తింపజేసి చూస్తే సంపాదన దాదాపు 2.8 రెట్లవుతుంది. ఫండ్‌కు అంత శ్రద్ధగా వేసిన చక్రవడ్డీని సందేశం చదువుకు మాత్రం వేయలేదు. దాని విలువ సున్నా అని రాసేసుకుంది.

29 మంది, ముగ్గురు అన్న అంకెలు కల్పితం కావు. అంతర్జాతీయ కార్మిక సంస్థ, ఇన్‌స్టిట్యూట్ ఫర్ హ్యూమన్ డెవలప్‌మెంట్ కలిసి 2024లో వెలువరించిన భారత ఉపాధి నివేదికలో, 2022 సంవత్సరానికి, పట్టభద్రులైన యువతలో నిరుద్యోగం 29.1 శాతమని, చదవడం రాయడం రానివారిలో 3.4 శాతమని ఉంది. అయితే పని కావాలని వెతుకుతూ దొరకనివారినే నిరుద్యోగులుగా లెక్కిస్తారు. చదువులేని కుర్రవాడికి తన పనికి తగిన ఉద్యోగం దొరికేదాకా ఇంట్లో కూర్చునే స్తోమత ఉండదు. తెల్లవారితే అడ్డా మీద నిలబడి, దొరికిన కూలికి పోతాడు, ఉద్యోగి కింద లెక్కకొస్తాడు. డిగ్రీ చేతికొచ్చినవాడు గ్రూప్స్‌కో, బ్యాంకు పరీక్షలకో రెండు మూడేళ్లు చదువుతూ ఉంటాడు, దరఖాస్తులు పెడుతూ ఉద్యోగం వెతుకుతున్నంత కాలం నిరుద్యోగి కింద లెక్కకొస్తాడు. పట్టాలకు తగిన ఉద్యోగాలు పుట్టడం లేదన్నది తీవ్రమైన సమస్య, దాన్ని చిన్నది చేయనక్కర లేదు. కానీ ఆ అంకెలను చూసి చదువులేనివాడే సుఖంగా ఉన్నాడనుకోవడం, ఆస్పత్రికి వెళ్లలేనివాళ్ల పేర్లు రోగుల జాబితాలో లేవు కాబట్టి వాళ్లంతా ఆరోగ్యంగా ఉన్నారనుకోవడం లాంటిది.

బడిలో డబ్బు సంగతి నేర్పరన్న ఆరోపణ అన్నిటికన్నా విచిత్రమైనది, ఎందుకంటే ఆ సందేశం మొత్తం నిలబడింది చక్రవడ్డీ సూత్రం మీద, ఆ సూత్రం ఎనిమిదో తరగతి గణితంలో ఉంది. పదో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ అర్థశాస్త్ర పుస్తకంలో డబ్బు, పరపతి (అంటే అప్పు) మీద ఒక అధ్యాయమే ఉంది. స్వయం సహాయక సంఘాల సంగతి అందులోదే. (త్రికోణమితి మీద ఇంత కసి దేనికో మాత్రం అర్థం కాదు.) కొరత ఉన్నమాట నిజమే, కానీ అది బడి మాన్పించి తీర్చే కొరత కాదు. పుస్తకంలో ఉన్న లెక్కకూ ఇంట్లో జరిగే లెక్కకూ మధ్య వంతెన వేసేవారు లేకపోవడమే కొరత, ఆ పనికి తల్లిదండ్రులకు పైసా ఖర్చు కాదు.

పక్కింటివారు రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చారని పిల్లల ముందే మాట్లాడుకుంటాం. ఆ రెండు రూపాయలు నూటికి నెలకు అని, అంటే ఏడాదికి 24 శాతమని ఎంతమందిమి వాళ్లకు విడమరిచి చెబుతాం? లేదా ఇంట్లో కట్టే చీటీనే తీసుకుందాం. లక్ష రూపాయల చీటీ, 20 మంది సభ్యులు, నెలకు 5 వేలు. మూడో నెల పాటలో ఒకరు 30 వేలు వదులుకుని 70 వేలకు చీటీ ఎత్తుకున్నారు. ఆ 30 వేలలో నిర్వాహకుడి కమీషన్ 5 వేలు పోగా మిగిలిన 25 వేలను 20 మందికి పంచితే తలకు 1,250 వస్తుంది, కాబట్టి ఆ నెల కట్టవలసింది 3,750. ఇంతవరకు ఆరో తరగతి పిల్లకూ అందుతుంది. ఆ తర్వాత అసలు ప్రశ్నలు వేయాలి: 70 వేలు తీసుకున్న మనిషి ఇంకా 17 నెలలు కట్టవలసి ఉంది, ఆయనకు పడిన వడ్డీ ఎంత? చివరి నెల దాకా ఆగిన మనిషికి మిగిలిందెంత? నిర్వాహకుడు మధ్యలో బోర్డు తిప్పేస్తే ఎవరు ఎక్కువ మునుగుతారు? ఈ మూడు ప్రశ్నలకు కాగితం మీద జవాబు కట్టిన పిల్లకు వడ్డీ, కాలం, నష్టభయం మూడూ ఒక్క విడతలోనే తెలిసివస్తాయి. పదేళ్లు నిండిన పిల్లలు సొంతంగా పొదుపు ఖాతా నడుపుకోవచ్చని రిజర్వు బ్యాంకు 2014లోనే బ్యాంకులకు చెప్పింది కూడా. పండక్కి తాతగారిచ్చిన 500 తానే స్లిప్పు రాసి జమ చేసి, మూడు నెలలకు పాస్‌బుక్కులో పడిన వడ్డీ ఎంతో చూసుకున్న పిల్లవాడు 12 శాతం సందేశాన్ని అంత తేలికగా నమ్మడు.

పదేళ్లకే దుకాణంలో కూర్చోబెట్టి వ్యాపారం నేర్పే కుటుంబాలను కొన్ని సందేశాలు చూపిస్తాయి. ఆ పిల్లలకు దుకాణం, పెట్టుబడి, అరువిచ్చే టోకు వర్తకుడు ముందే ఉన్నారు. మన పిల్లవాడికి ఫండ్ స్టేట్‌మెంటు మాత్రమే ఉంది. పైగా బాలకార్మిక చట్టానికి 2016లో వచ్చిన సవరణ ప్రకారం పద్నాలుగేళ్ల లోపు పిల్లలు సొంత కుటుంబ వ్యాపారంలో సాయపడాలన్నా బడి వేళలు ముగిశాకనో సెలవుల్లోనో మాత్రమే.

నిజానికి ‘ఫీజా, ఫండా’ అన్న ప్రశ్నే సరైనది కాదు. ఆరు నుంచి 14 ఏళ్ల దాకా చదువు నిర్బంధమని, ఉచితమని 2010 ఏప్రిల్ నుంచి చట్టం అమల్లో ఉంది. ఫీజు కట్టకపోవడానికి బడి మానడం ఒక్కటే దారి కాదు. రెండు తెలుగు రాష్ట్రాల్లో గురుకులాలున్నాయి. కుటుంబ ఆదాయం మూడున్నర లక్షలకు మించని ప్రభుత్వ బడి పిల్లలకు, పరీక్ష నెగ్గితే, తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఏడాదికి 12 వేల జాతీయ ఉపకార వేతనం ఉంది. ఖర్చు పైకి లేచే ఆ చివరి ఆరేళ్ల కోసమే అన్నట్టు బాసర, నూజివీడు, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలు పదో తరగతి ప్రతిభ మీద ఇంటర్, ఇంజినీరింగ్ కలిపి చెబుతున్నాయి. అలాగే ఆరో తరగతికే ‘ఐఐటీ ఫౌండేషన్’ అని పేరు తగిలించి రెట్టింపు ఫీజు అడిగే బడి, పక్కవీధిలోని మామూలు బడికన్నా నిజంగా ఏం ఎక్కువ నేర్పుతోందని అడగవలసిందే. ఆ రెంటి ఫీజుల మధ్య తేడాను దాచుకోవడం తెలివైన పని. పదేళ్ల లోపు ఆడపిల్ల అయితే సుకన్య సమృద్ధి ఖాతా ఉంది. దాని వడ్డీ 2024 జనవరిలో 8.2 శాతానికి పెరిగింది, ఆమె పదో తరగతి దాటాక గానీ 18 నిండాక గానీ నిల్వలో సగం దాకా పైచదువుకు తీసుకోవచ్చు. పిల్లల పొదుపు చదువును వెనకేసుకొస్తుందే తప్ప దానికి పోటీ కాదని ఆ పథకం రాసినవారికి తెలుసు.

చివరిగా చట్టపరమైన ముక్క ఒకటి. సందేశం 22వ ఏట అంటుంది గానీ, పిల్లవాడి పేరిట కట్టిన ఫండ్ మీద తండ్రి సంతకం 18 నిండిన రోజు నుంచి చెల్లదు. పిల్లవాడు మేజరయ్యాడని కాగితాలు పెట్టి, కేవైసీ పూర్తి చేసి, బ్యాంకు వివరాలు మార్చేదాకా ఆ ఖాతాలో లావాదేవీలు ఆగిపోతాయి. ఆ తర్వాత సొమ్ము ఉంచాలా తీయాలా అన్నది పూర్తిగా అతని ఇష్టం. దండగని చదువు మాన్పించిన ఆ కుర్రవాడే ఆ కాగితాలన్నీ చదివి సంతకం పెట్టాలి.