రాజీనామా మీద తొందరపడి సంతకం పెట్టమని చెప్పకండి

మన ఊళ్ల నుంచి వచ్చే ఫోన్లలో ఈ మధ్య ఒక మాట తరచుగా వినిపిస్తోంది. "కంపెనీలో రిజైన్ చేసేయమంటున్నారు, ఏం చెయ్యమంటారు?" శ్రీకాకుళం జిల్లా పైడిభీమవరం మందుల కంపెనీల్లో పనిచేసే కుర్రాళ్లు అడుగుతున్నారు, విజయనగరం ప్రైవేటు స్కూళ్ల టీచర్లు అడుగుతున్నారు. ఇక్కడ అమెరికాలో కూర్చుని మనలో చాలామంది ఇచ్చే సలహా ఒకటే: "గొడవెందుకు, సంతకం పెట్టేసి పరువుగా బయటికొచ్చేయ్, ఇంకోటి చూసుకుందువుగాని." ప్రేమతోనే అంటారు. కానీ ఆ సలహా తప్పు. దానివల్ల మన పిల్లలు డబ్బూ పోగొట్టుకుంటున్నారు, హక్కూ పోగొట్టుకుంటున్నారు.

యాజమాన్యానికి ఆ సంతకం ఎందుకంత అవసరమో చూడండి. ఏడాదిలో 240 రోజులు పనిచేసిన కార్మికుణ్ణి ఇక అక్కర్లేదని తీసేయాలంటే నెల ముందు నోటీసు ఇవ్వాలి, లేదా నెల జీతం ఇవ్వాలి. సర్వీసులో ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు జీతం పరిహారంగా కట్టాలి. తప్పు చేశాడంటారా, చార్జిషీటు ఇచ్చి విచారణ జరపాలి. అదే మనిషి "వ్యక్తిగత కారణాల వల్ల మానేస్తున్నాను" అని రాసిస్తే ఇవేవీ అక్కర్లేదు.

మా మేనల్లుడు రణస్థలం దగ్గర ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో కెమిస్టు. బి షిఫ్టు అయ్యాక హెచ్చార్ గదిలోకి పిలిచారు. ఫోను బయట బల్ల మీద పెట్టి రమ్మన్నారు. లోపల లెటర్ అప్పటికే టైపు చేసి ఉంది, పేరు, ఎంప్లాయీ నంబరు, తేదీతో సహా. సంతకం పెట్టాల్సిన చోట పెన్సిల్‌తో ఇంటూ గుర్తు. పెట్టకపోతే టెర్మినేట్ చేస్తామన్నారు, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఇవ్వబోమన్నారు, ఈ చుట్టుపక్కల ఎవడూ ఉద్యోగం ఇవ్వడన్నారు. బాత్రూమ్‌కని బయటికొచ్చి నాకు ఫోన్ చేశాడు. "సంతకం పెట్టీమంటన్నారు మావయ్యా, పెట్టీమంటావా?"

వద్దన్నాను. ఇంట్లో మాట్లాడి చెప్తానని చెప్పి గేటు దాటేయమన్నాను. ఆ రాత్రే జరిగిందంతా, గదిలో ఎవరెవరున్నారో, ఎవరేమన్నారో, టైముతో సహా రాసి హెచ్చార్‌కు మెయిల్ పెట్టాడు. మర్నాడు గేటు దగ్గర హాజరు పంచ్ పడలేదు. అక్కడే నిలబడి ఫోటో తీసి అదీ పంపాడు. ఇప్పుడు విషయం లేబర్ ఆఫీసులో ఉంది. ఏమవుతుందో చెప్పలేను. కానీ కంపెనీ చేతిలో రాజీనామా లేదు, వీడి చేతిలో ఆధారం ఉంది.

బెదిరించి రాయించుకున్న రాజీనామాకు మన దేశంలో చట్టబలం లేదు. బలవంతం మీద ఇచ్చిన సమ్మతి నిలబడదని 1872 నాటి కాంట్రాక్టు చట్టమే చెబుతోంది. అలాంటి రాజీనామాను కోర్టులు ఉద్యోగం నుంచి తీసేసినట్టుగానే చూస్తాయి. అన్యాయంగా తీసేశారని తేలితే తిరిగి చేర్చుకుని పాత జీతం కూడా ఇవ్వడమే మామూలు పద్ధతి అని సుప్రీంకోర్టు 2013లో మహారాష్ట్ర టీచర్ ఒకరి కేసులో చెప్పింది. అయితే బలవంతం జరిగిందని రుజువు చేయాల్సింది ఉద్యోగే. సెటిల్‌మెంటు డబ్బు తీసుకుని ఆరు నెలలు నోరెత్తకుండా ఉండి ఆ తర్వాత బలవంతం అంటే నమ్మడం కష్టం. అందుకే సంతకం పెట్టేసినవాళ్లు కూడా ఆ రోజే, కుదరకపోతే మర్నాడే, "ఒత్తిడి చేసి పెట్టించారు, ఉపసంహరించుకుంటున్నాను" అని రాతపూర్వకంగా పంపాలి.

2025 నవంబరు 21 నుంచి పాత కార్మిక చట్టాల బదులు కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. ఫిర్యాదుకు ఇదివరకు మూడేళ్ల గడువుండేది, ఇప్పుడు రెండేళ్లే. సంతకం పెట్టలేదన్న కక్షతో దూరం బదిలీ చేయడం లాంటివి అప్పుడూ ఇప్పుడూ చట్టం నిషేధించిన అన్యాయమైన కార్మిక విధానాలే. పాత చట్టంలో వీటికి ఆరు నెలల దాకా జైలు ఉండేది, కొత్త కోడ్‌లో మొదటిసారి తప్పుకు 10 వేల నుంచి 2 లక్షల రూపాయల జరిమానాతో సరిపెట్టారు. పెద్ద కంపెనీకి రెండు లక్షలంటే ఒక లెక్కా? ఇది నాకు ఏమాత్రం నచ్చలేదు.

టీచర్ల సంగతి వేరు. వాళ్లు కార్మికుల కిందికి రారని సుప్రీంకోర్టు 1988లోనే తేల్చేసింది. అలాగని దిక్కులేనివాళ్లు కారు. 1982 నాటి ఆంధ్రప్రదేశ్ విద్యా చట్టం ప్రకారం ప్రైవేటు విద్యాసంస్థ కూడా విచారణ లేకుండా ఉద్యోగిని తొలగించకూడదు. ఈ సంగతి తెలిసిన టీచర్ నాకింతవరకు కనబడలేదు. అడ్మిషన్లు తేలేదని ఏప్రిల్‌లో రాజీనామా రాయించుకుంటే, ఇంటికెళ్లి కూర్చుంటున్నారు.

ఇదే పని మనకు జరిగితే ఇక్కడ ఊరుకుంటామా? హెచ్‌1బి వీసా మీద ఉన్నవాణ్ణి గడువుకు ముందే కంపెనీ తీసేస్తే ఇండియాకు తిరుగు ప్రయాణం ఖర్చు కంపెనీదే, తనంతట తాను మానేస్తే కాదు. నలభై దాటినవాళ్లను వయసు వివక్ష కేసు వేయబోమని రాసిమ్మంటే కనీసం 21 రోజుల టైమివ్వాలి, సంతకం పెట్టాక కూడా 7 రోజుల్లో వెనక్కి తీసుకోవచ్చు. మనం అటార్నీకి చూపించకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టం. ఊళ్లో పిల్లలకు మాత్రం ఐదు నిమిషాల్లో పెట్టేయమని చెబుతాం.

శ్రీకాకుళం నుంచి విశాఖ లేబర్ కోర్టుకు వంద కిలోమీటర్ల పైమాటే. వాయిదా ఉన్నప్పుడల్లా వెళ్లి రావాలంటే ఉద్యోగం లేని మనిషికి చార్జీలే భారం. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది. చార్జీలు, టైపింగు, కేసు తేలేదాకా ఇంటి ఖర్చు ఎవరిస్తారు? ఇక్కడి మన సంఘం ఏటా ఊళ్లలో మెడికల్ క్యాంపులు పెడుతోంది, స్కూళ్లకు బెంచీలు కొనిస్తోంది. వచ్చే బడ్జెట్‌లో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఉద్యోగుల కేసుల కోసం కూడా కొంత నిధి పెట్టాలని కార్యవర్గాన్ని అడుగుతున్నాను. మొదటి చందా నేనిస్తాను.