పెద్ద బకెట్ గారికి

మహారాజశ్రీ పొక్లెయిన్ పెద్ద బకెట్ గారి సముఖమునకు, చిత్తూరు నుంచి, బంగారు గనిలో ఏది ఖనిజమో ఏది వట్టి రాయో గీత గీసి చెప్పిన ఒక పాత గ్రేడ్ కంట్రోల్ జియాలజిస్టు రాసుకున్నది. ఇక్కడ మేమంతా క్షేమం, తమరి పళ్ళు అరక్కుండా తమరూ క్షేమమని తలుస్తాను.

ఇన్నాళ్ళకు ఎందుకు గుర్తొచ్చారంటే, మా బావ మొన్న తిరుమలలో పరకామణి సేవ చేసి వచ్చాడు. హుండీలో పడిందంతా కుప్ప పోస్తే, కింద కూర్చుని రూపాయి బిళ్ళలు ఒక పక్క, ఐదు రూపాయలవి ఒక పక్క, నోట్లు ఇంకో పక్క ఏరాలి కదా, నడుం పట్టేసిందని ఒకటే మూలుగు. వెంటనే తమరే కళ్ళముందు మెదిలారు. తమరిని ఆ హాల్లోకి వదిలితే బిళ్ళలూ నోట్లూ కింద గచ్చూ అన్నీ ఒకే పట్టులో ఎత్తి లారీలో పోసి, గంటకిన్ని టన్నులని బోర్డు మీద రాయించుకుని, నెలాఖరుకి మెడల్ కూడా వేయించుకునేవారు.

టన్నుల మీద తమరికున్న ప్రేమ గొప్పదే. కానీ మనం తవ్వింది బొగ్గు కాదు గదా స్వామీ. టన్ను రాయికి ఒక గ్రాము బంగారం ఉంటే అదే ఖనిజం అని సంబరపడే చోటు అది. ఒక సవర, అంటే 8 గ్రాములు కావాలంటే 8 టన్నుల రాయి ఎత్తాలి, అదీ ఒక్క గ్రాము కూడా ప్లాంటులో పోకుండా ఉంటే. పైగా ఆ రాయికీ పక్కనున్న వట్టి రాయికీ కంటితో తేడా తెలియదు. అందుకే మేం బ్లాస్టింగ్ రంధ్రాల్లోంచి వచ్చిన పొడిని సంచుల్లో కట్టి ల్యాబ్‌కి పంపి, ఏ గజం ఖనిజమో ఏ గజం వేస్టో గీత గీసి, గీత మీద ఎర్ర రిబ్బన్లు కట్టి వచ్చేవాళ్ళం.

ఆ రాత్రి షిఫ్టు తమరికి గుర్తుందో లేదో. దేశం దాటి వెళ్ళి చేసిన గని అది. తెల్లవారుజామున క్రషర్ దగ్గరకి వెళ్ళేసరికి, పెద్ద రాళ్ళను ఆపే ఇనప జల్లెడ మీద నా ఎర్ర రిబ్బన్, నేను వేసిన ముడితో సహా, ఒక బండ కింద ఇరుక్కుని గాలికి ఊగుతోంది. అంటే తమరు గీత ఇవతలిదీ అవతలిదీ కలిపి, ఆఖరికి ఆ గీతనే ఎత్తి క్రషర్‌లో పోశారన్నమాట.

లెక్క చెప్తాను, కోప్పడకండి. టన్నుకి 2 గ్రాముల ఖనిజం 100 టన్నులకి, తమరు దయతో 25 టన్నుల వట్టి రాయి కలిపారనుకుందాం. గ్రేడ్, అంటే టన్నుకి పడే బంగారం, 1.6 గ్రాములకి పడిపోతుంది, బంగారం ఒక్క గ్రాము పెరగదు. కానీ ఆ 25 టన్నుల్ని కూడా పిండి చేయాలి, సైనైడ్‌లో నానబెట్టాలి, చివరికి బురద చెరువులో చోటు చూపించాలి. మా కుప్పం అవతల కేజీఎఫ్ బంగారు గనుల్లో సన్నటి రీఫ్, అంటే బంగారమున్న రాతి పొర, వెంబడి మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగి తవ్వారు, 2001లో అది మూతపడింది, సైనైడ్ దిబ్బలు మాత్రం ఈరోజుకీ ఊరి పక్కనే ఉన్నాయి. రీఫ్ పట్టుకుని తవ్విన చోటే అంత దిబ్బ మిగిలితే, తమరి చేతివాటానికి ఎంత మిగలాలి? దీని రెండోవైపు సంగతి మీటింగుల్లో ఎవరూ ఎత్తరు: వేస్టు అనుకుని డంపుకి తోలిన లారీల్లో ఎన్ని సవర్లు పోయాయో.

నేరమంతా తమరిదే అనను, బ్లాస్టింగ్‌కీ వాటా ఉంది. పేలినప్పుడు రాయి ఉన్నచోట ఉండదు, కొన్ని మీటర్లు పక్కకి జరుగుతుంది, అదీ పైన ఒక రకంగా కింద ఒక రకంగా. మనం మాత్రం పాత గీతనే పట్టుకుని వేలాడుతాం. పేల్చే ముందే రంధ్రాల్లో సిగ్నల్ ఇచ్చే బంతులు వేసి, తర్వాత అవి ఎటు కదిలాయో వెతికి కొత్త గీత గీసే పద్ధతి ఉంది. 10 మీటర్ల బెంచ్‌ని, అంటే గనిలో మెట్టులా తవ్వే అంచెని, ఒకేసారి కొరక్కుండా రెండున్నర మీటర్ల పొరలుగా దించడం, ముందు వేస్టు వైపు శుభ్రం చేసుకుని తర్వాత ఖనిజాన్ని పట్టడం, గీత దగ్గర చిన్న బకెట్ పెట్టడం, అక్కడ వెలుగున్నప్పుడే తవ్వడం, ఇవేవీ కొత్తవి కావు. అన్నీ చెప్పాను. టార్గెట్ దెబ్బతింటుందన్నారు. నిజమే, చిన్న బకెట్‌తో పని నిదానం, డీజిల్ ఖర్చు కూడా టన్నుకి ఎక్కువే పడుతుంది. అందుకే మొత్తం అలాగే చెయ్యమనలేదు, వేస్టు బెంచ్‌లో తమరిని మించినవారు లేరు, అక్కడ రాజ్యం ఏలండి. నేను అడిగింది ఆ గీత దగ్గర నాలుగు మీటర్లే.

మా అమ్మమ్మ చేటలో బియ్యం పోసుకుని వాకిట్లో కూర్చుంటే, ఒక్క మట్టిబెడ్డ కోసం చేటని ఓ పక్కకి వాల్చి, వేలితో నెట్టి, మళ్ళీ చెరిగేది. తొందరగా కానివ్వమంటే "తొందరైతే రాళ్ళన్నం తిను పో" అనేది. ఆవిడని ఏ గనీ షిఫ్ట్ ఇన్‌చార్జిగా తీసుకోదు, గంటకి రెండు శేర్లు కూడా తేలవు.

ఇట్లు,
గీతలు గీసి గీసి అలసిన
తమరి పాత నౌకరు

తా.క.: ఆ ఎర్ర రిబ్బన్లు ఇంకా ఎక్కడైనా తమరి పళ్ళ సందున ఇరుక్కుని ఉంటే పంపించగలరు. గంగ జాతరకి మా మేనకోడలి జడకి కావాలట.