బార్ బిల్లుతో పేచీ లేదు, గేటు బిల్లుతోనే

హైదరాబాద్‌లో వైన్స్ కౌంటర్ దగ్గర మామూలు లాగర్ బీరు, 650 ఎంఎల్ సీసా, రెండొందల్లోపే దొరుకుతుంది. అదే సీసా పక్కనున్న బార్‌లో టేబుల్ మీదికి వచ్చేసరికి మూడొందలకు అటూ ఇటూ అవుతుంది. పబ్బుకు వెళ్తే అందులో సగం పట్టే పింట్‌కే అంతకన్నా ఎక్కువ. ముగ్గురికీ సరుకు వచ్చేది మాత్రం ఒక్కచోటి నుంచే, రాష్ట్ర ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్ డిపో నుంచి. ‘ఇదేం దోపిడీ’ అంటూ బార్ బిల్లు ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టే మిత్రులు నాకు చాలామందే ఉన్నారు. ఈ విషయంలో వాళ్లకూ నాకూ పడదు.

బార్ అమ్మేది బీరొక్కటే కాదు. కుర్చీ, ఏసీ, గ్లాసులు కడిగే మనిషి, రెండు గంటలు కూర్చున్నా ఎవరూ లేపని టేబుల్, ఏటా లక్షల్లో కట్టే లైసెన్సు ఫీజు, అన్నీ ఆ బిల్లులోనే ఉంటాయి. 2017 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పిందీ ఇంచుమించు ఇదే. హోటల్‌కు వచ్చినవాడు మంచినీళ్ల సీసా కొనుక్కుపోవడానికి రాలేదు, అక్కడ కూర్చోవడానికి వచ్చాడు. కాబట్టి హోటళ్లు, రెస్టారెంట్లు సీసా మీద ఎంఆర్పీ కన్నా ఎక్కువ తీసుకున్నా తూనికలు కొలతల చట్టం కింద నేరం కాదని తేల్చింది.

పెగ్గుల లెక్క వేస్తే కడుపు మండుతుందన్న మాట నిజమే. ఫుల్ బాటిల్ 750 ఎంఎల్, అంటే 30 ఎంఎల్ చొప్పున 25 పెగ్గులు. వైన్స్‌లో వెయ్యి రూపాయలకు కొన్న ఫుల్‌లో ఒక్కో పెగ్గు 40 రూపాయలు పడుతుంది. బార్ మెనూలో దాని పక్కన 90 అని కనిపిస్తే ఎవరికైనా చేయి వెనక్కి పోతుంది. కానీ అసలు ధర బార్ యజమాని చేతిలో లేదు. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు తాగే మద్యాన్ని దాని బయటే ఉంచారు. పన్ను రాష్ట్రానిది, డిపో రేటు రాష్ట్రానిది. 2025 జనవరిలో రేట్లు పెంచలేదు, బకాయిలు చెల్లించలేదు అంటూ కింగ్‌ఫిషర్ బీరు చేసే యునైటెడ్ బ్రూవరీస్ తెలంగాణకు బీరు ఆపేసింది. ఫిబ్రవరిలో ప్రభుత్వం 15 శాతం పెంచింది. ఆ పెంపు మీద బార్ యజమానిని ఎవరూ సలహా అడగలేదు.

అన్నిటికీ మించి, బార్ రేటు నచ్చకపోతే లేచి బయటికి రావచ్చు. నాలుగడుగులు వేస్తే వైన్స్, దాన్ని ఆనుకుని పర్మిట్ రూమ్, ప్లాస్టిక్ గ్లాసు, పొట్లంలో బఠాణీలు. ఆ పర్మిట్ రూమే బార్ రేటుకు కళ్లెం. బార్ మరీ ఎక్కువ గుంజితే టేబుళ్లు ఖాళీ అవుతాయి, అంతే.

నా పేచీ గేటుతో. పోయిన చలికాలం మా అమ్మాయిని తీసుకుని నగర శివార్లలో జరిగిన ఒక సంగీత కార్యక్రమానికి వెళ్లాను. గేటు దగ్గర నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ము ఉంది. బ్యాగులో ఉన్న నీళ్ల సీసా అందులో పడేయమన్నాడు బౌన్సర్. ‘సెక్యూరిటీ సార్’ అన్నాడు. సగం తాగినవి, మూత తీయనివి, కార్టూన్ బొమ్మలున్న పిల్లల సీసాలు, అన్నీ ఆ డ్రమ్ములోనే పడి ఉన్నాయి. లోపల నోటు చెల్లదు, ఫోన్‌తో స్కాన్ చేయడం కుదరదు. ముందు ఒక కౌంటర్‌లో కార్డు తీసుకోవాలి. అందులో కనీసం ఐదొందలు వేయించుకోవాలి. ఆ కార్డు గీకితేనే ఏదైనా ఇస్తారు. పది రూపాయలని లేబుల్ మీద స్పష్టంగా అచ్చేసి ఉన్న అర లీటరు నీళ్లు అరవై. సీసా తిప్పి చూపించాను. ‘మాకు చెప్పిన రేటు ఇదే అంకుల్’ అన్నాడు కౌంటర్ కుర్రాడు. వాడిదేం తప్పు, రోజు కూలీకి వచ్చిన పిల్లాడు.

ఐదు గంటల్లో ఇద్దరం ఆరు సీసాలు తాగాం. కార్డులో 140 రూపాయలు మిగిలాయి. వెనక్కి కావాలంటే వెబ్‌సైట్‌లో ఫారం నింపాలి, ప్రాసెసింగ్ ఫీజు వంద పోతుంది. ఆ కార్డు ఇప్పటికీ నా టేబుల్ సొరుగులో ఉంది.

అక్కడ కుర్చీ లేదు, ఏసీ లేదు, గ్లాసు కూడా లేదు. బార్‌కు వర్తించే వాదన ఒక్కటీ అక్కడ నిలవదు. సీసాకు అదనంగా కట్టిన యాభై నీళ్లకు కాదు, నా సీసా నా చేతిలోంచి తీసేసుకున్నందుకు. బీరు తాగేవాళ్ల మీద నాకు ఇంత జాలి లేదు, అది తాగకుండా ఇంటికి రావచ్చు. నీళ్ల సంగతి అలా కాదు కదా. ఎండాకాలం వస్తే బజారు మలుపులో చలివేంద్రం పెట్టి, కుండ మీద గ్లాసు బోర్లించి పిలిచి మరీ నీళ్లు పోసే ఊళ్ల నుంచే ఈ నిర్వాహకులూ వచ్చి ఉంటారు.

అరవై ఎలా అయిందో ఊహించడం కష్టం కాదు. నిర్వాహకుడు తిండీ తాగుడూ అమ్మే హక్కును ఒక కాంట్రాక్టర్‌కు ఇంత మొత్తమని ఇస్తాడు, లేదంటే మినిమమ్ గ్యారంటీ పెట్టి పైన వాటా అడుగుతాడు. కాంట్రాక్టర్ స్టాళ్లు కట్టి ఒక్కోదానికి రాత్రి అద్దె వసూలు చేస్తాడు. స్టాల్ తీసుకున్నవాడికి ఉన్నది ఒకే ఒక్క రాత్రి. ఈ మెట్లన్నీ దిగి వచ్చాక పది రూపాయల సీసా పది రూపాయలకు ఎక్కడ మిగులుతుంది? స్టాల్ వాడిని తిట్టి లాభం లేదు. ఆ రేటు వేదికది.

మల్టీప్లెక్సుల కథ దీనికి పెద్దన్న. టికెట్ డబ్బు డిస్ట్రిబ్యూటర్‌తో పంచుకోవాలి, పాప్‌కార్న్ డబ్బు పంచుకోనక్కర్లేదు. టికెట్ ధరకు ప్రభుత్వ జీవో ఉంటుంది, పాప్‌కార్న్‌కు ఉండదు. పెద్ద సినిమా వస్తోందంటే టికెట్ రేటు పెంపు మీద టీవీల్లో వారం రోజులు రచ్చ చేసే మనం, ఇంటర్వెల్‌లో కూల్‌డ్రింకుకు టికెట్ కన్నా ఎక్కువ పెట్టి మాట్లాడకుండా సీటులోకి వస్తాం. ఒకే సరుకుకు బయట ఒకటి, హాల్లో ఒకటి అంటూ రెండు ఎంఆర్పీలు అచ్చేయడం 2018 జనవరి నుంచి నిషేధం. ఆ ఏడాదే తెలంగాణలో తూనికలు కొలతల శాఖ మల్టీప్లెక్సుల మీద దాడులు కూడా చేసింది. కానీ ఎంఆర్పీ ఉండేది సీలు వేసిన సీసాకే. మెషీన్‌లోంచి కప్పులోకి పట్టి, సగానికి ఐసు నింపి ఇస్తే దానికి ఎంఆర్పీ ఎక్కడిది?

బయటి తిండి రానివ్వాలా అన్న ప్రశ్న 2023 జనవరిలో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. హాలు యజమాని సొత్తు, బయటి తిండి వద్దనే హక్కు అతనికి ఉందని చెప్పింది. ఎవరో జిలేబీ తెచ్చుకుని చేతులు సీటుకు తుడిస్తే శుభ్రం చేసేదెవరు అని అప్పటి ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ అడిగారు. జిలేబీ సంగతి ఒప్పుకుంటాను. అదే తీర్పులో, శుభ్రమైన తాగునీరు హాల్లో ఉచితంగా ఇవ్వాలని, పసిపిల్లల ఆహారం లోపలికి రానివ్వాలని కూడా ఉంది. ఆ నీళ్లు ఇంతకీ ఎక్కడున్నాయో ఈసారి సినిమాకు వెళ్లినప్పుడు వెతకండి. నాకు తెలిసిన హాళ్లలో టాయిలెట్ల దారిలో ఒక మూలన, గ్లాసు లేకుండా, ఏ బోర్డూ లేకుండా ఉంటాయి.

మూసిన చోట ధర పెరగక తప్పదనేవాళ్లు రైలెక్కి చూడాలి. కదిలే రైలు కన్నా మూసిన చోటు ఏముంది? అక్కడ లీటరు రైల్ నీర్ 15 రూపాయలుండేది, 2025 సెప్టెంబర్‌లో 14 చేశారు. అమ్మేవాడు ఒకటో రెండో ఎక్కువ అడిగితే ప్రయాణికులు గొడవ పెట్టుకుంటారు, ఎందుకంటే అసలు రేటు అందరికీ తెలుసు. విమానాశ్రయాల మీద పార్లమెంటులో ప్రశ్న లేచాక 2024 డిసెంబర్‌లో కోల్‌కతాలో పది రూపాయలకు టీ, పది రూపాయలకు నీళ్లు ఇచ్చే ఉడాన్ యాత్రీ కేఫ్ తెరిచారు. ఇవి ప్రభుత్వ స్థలాలు, వాటితో మాకు పోలికేంటని ప్రైవేటు వేదికలు అడగొచ్చు.

అలా అడిగేవాళ్లకు అమెరికాలోని అట్లాంటా ఉంది, మన తెలుగువాళ్లు దండిగా ఉండే ఊరే. 2017లో అక్కడ మెర్సిడెజ్ బెంజ్ స్టేడియం తెరిచినప్పుడు అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఫాల్కన్స్ యజమాని ఆర్థర్ బ్లాంక్ తిండి ధరలను పాత స్టేడియంతో పోలిస్తే సగానికి తగ్గించాడు. ఎన్నిసార్లయినా నింపుకునే కూల్‌డ్రింక్ 2 డాలర్లు, బీరు 5 డాలర్లు. మొదటి సీజన్‌లో తిండీ పానీయాల మీద ఒక్కో ప్రేక్షకుడు పెట్టిన ఖర్చు 16 శాతం పెరిగింది. రేటు చూసి జేబు తడుముకునేవాడు ఒకటి కొంటాడు, రేటు పట్టించుకోనక్కర్లేనివాడు ఇంటిల్లిపాదికీ కొంటాడు. మన దగ్గర ఈ లెక్క చేయకపోవడానికి కారణం, హక్కులు ఒక్క రాత్రికే అమ్ముడుపోవడం. ఏటా వచ్చే ప్రేక్షకుడి మీద స్టేడియం యజమానికి ఆశ ఉంటుంది, ఒక్క రాత్రి స్టాల్ వాడికి ఉండదు.

అందుకే బీరు రేటుకు గరిష్ఠ ధర పెట్టమని నేను అడగను. పెట్టినా కప్పు చిన్నదవుతుంది, ఐసు పెరుగుతుంది. నీళ్ల విషయంలో మాత్రం చాలా చిన్న పని చాలు. ఇంగ్లండ్, వేల్స్‌లో 2010 నుంచి మద్యం లైసెన్సు ఉన్న చోట అడిగినవాళ్లకు కుళాయి నీళ్లు ఊరికే ఇవ్వాలన్నది లైసెన్సు షరతుల్లోనే ఉంది. తాగినవాడికి నీళ్లు అందకపోతే ఏమవుతుందో తెలిసి పెట్టిన షరతు అది. మన దగ్గర ఈవెంట్‌లో మద్యం పోయాలంటే ఎక్సైజ్ శాఖ పర్మిట్ కావాలి. జనం పోగవ్వాలంటే పోలీసు అనుమతి కావాలి. ఆ కాగితాల్లో సీసీ కెమెరాల సంగతి, పార్కింగ్ సంగతి, రాత్రి పదికి సౌండ్ ఆపే సంగతి రాస్తారు. సీసాలు పడేయించే డ్రమ్ము గేటు బయట ఉండాలా, కుళాయి గేటు లోపల ఉండాలా అన్నదీ ఆ కాగితంలోనే ఒక లైను రాయొచ్చు.