కీ తీసేస్తే చాలదు, పాస్‌వర్డ్ కూడా మార్చాలి
‘పాస్’ అనే పాస్‌వర్డ్ మేనేజర్‌ను టీమ్‌లో వాడటం గురించిన ఒక వ్యాసంలో, టీమ్ నుంచి ఎవరైనా వెళ్లిపోతే వాళ్ల జీపీజీ కీ (ఫైళ్లను ఎన్‌క్రిప్ట్ చేసి, తిరిగి తెరిచే డిజిటల్ తాళంచెవి) వదిలేసి ‘పాస్ ఇనిట్’ కమాండ్ మళ్లీ నడిపితే చాలని రాశారు. అది సగమే నిజం. ఆ కమాండ్ ఇప్పుడున్న పాస్‌వర్డ్ ఫైళ్లను మిగిలినవాళ్ల కీలతో తిరిగి ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, అంతవరకే. స్టోర్ (ఆ ఫైళ్లుండే ఫోల్డర్) మార్పుల చరిత్రను దాచే గిట్‌లో ఉంటే పాత కమిట్‌లలోని (అప్పట్లో సేవ్ చేసిన వెర్షన్లలోని) ఫైళ్లు పాత కీకి ఇంకా తెరుచుకుంటాయి, పైగా వెళ్లిన మనిషి దగ్గర క్లోన్ (చరిత్రతో సహా మొత్తం కాపీ) ఉండే ఉంటుంది. అందుకే ముందు కీ తీసేసి, ఆ తర్వాతే సర్వర్‌లో పాస్‌వర్డ్ మార్చి స్టోర్‌లో పెట్టాలి. వరస తిరగబడితే కొత్త పాస్‌వర్డ్ కూడా పాత కీకి తెరుచుకునేలాగే ఎన్‌క్రిప్ట్ అయిపోతుంది! ఇంకోటి, పాస్‌వర్డ్‌ను స్క్రిప్టుకు ఆర్గ్యుమెంట్‌గా, అంటే కమాండ్ పక్కనే టైప్ చేసి, ఇవ్వకండి. మామూలు లినక్స్ సెట్టింగుల్లో అదే మెషీన్‌లోని వేరే యూజర్లు ‘పీఎస్’ (నడుస్తున్న ప్రోగ్రామ్‌ల జాబితా చూపే కమాండ్) కొడితే కనిపించేస్తుంది. పైప్ (ఒక కమాండ్ అవుట్‌పుట్‌ను ఇంకోదానికి అందించే ‘|’ గుర్తు) పెట్టి స్క్రిప్టు స్టాండర్డ్ ఇన్‌పుట్‌లోకి పంపండి.